కాయితం మీద ఇస్తావా?

పొద్దున్న ఆరుంబావు. మంచు ఇంకా విడలేదు. కాలవగట్టు మీద బండి ఆపి మావయ్య హెల్మెట్టు తీస్తే మీసాల మీద కూడా నీటిబొట్లు. విజయవాడలో నాలుగింటికే బయల్దేరాం. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు దాకా హెడ్‌లైటు ముందు తెల్లగోడ తప్ప ఏమీ కనపడలేదు. కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి బోర్డులు ఒక్కొక్కటే ఆ తెలుపులోంచి బయటికొచ్చి మళ్లీ అందులోకే పోయాయి. అవనిగడ్డ, నాగాయలంక దాటి ఇంకాస్త లోపలికి వచ్చాం. దివిసీమ ఇది. కృష్ణమ్మ సముద్రంలో కలిసే ముందు పాయలుగా చీలి, నడుమ వదిలిన గడ్డ.

గట్టు దిగువన వరి కోసిన మళ్లు. ఆ మొదళ్ల మధ్యనే మినుము జానెడు ఎత్తు లేచి ఉంది. ఆకు ఆకుకీ మంచు. అక్కడక్కడా వరికుప్పలు, దూరంగా తాడిచెట్లు. 1855లో విజయవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఇవాళ నేను తీయబోయే ప్రతి ఫోటో వెనకా మసగ్గా కనపడే ఆకుపచ్చ అంతా అక్కడి నుంచి కాలవల్లో వచ్చే నీళ్లదే.

కెమెరా నా భుజాన ఉంది. కొని మూడు నెలలైంది. ఒకరు వాడి అమ్మినదే. దానికి 50 ఎంఎం లెన్సు ఒక్కటే, జూమ్ లేదు. మొహం దగ్గరగా కావాలంటే నేనే నాలుగడుగులు ముందుకు వెయ్యాలి. "మొదట్లో అదే మంచిదమ్మలూ. దూరంగా నిలబడి దొంగతనంగా తీసే అలవాటు రాదు" అన్నాడు మావయ్య. గవర్నరుపేటలో ముప్పయ్యేళ్లు స్టూడియో నడిపిన మనిషి. ఇవాళ ఆయన చేతిలో కెమెరా లేదు. సంచిలో థర్మాకోల్ షీటు ముక్క, ఫ్లాస్కులో టీ, ఒక కొండపల్లి ఏనుగు. ఆ ఏనుగు అంబారీ మీద రంగు ఎప్పుడో లేచిపోయింది. స్టూడియోలో పసిపిల్లల చూపు లెన్సు వైపు తిప్పడానికి వాడేవాడట. తెల్ల పొణికి చెక్క కాబట్టి అరచేతిలో దూదిలా ఉంటుంది.

ఊళ్లో మొదటి ఇంటి ముందు ముగ్గు ఆరలేదు. ధనుర్మాసం కదా, ముగ్గు మధ్యలో ఏడెనిమిదేళ్ల పిల్ల గొంతుక్కూర్చుని గొబ్బెమ్మలు చేస్తోంది. నా చెయ్యి వెంటనే కెమెరా మీదికి పోయింది. మావయ్య ఆ చెయ్యి పట్టుకున్నాడు. "ముందు వాళ్లమ్మనడుగు."

గుమ్మం దగ్గర నిలబడి అడిగాను. "అక్కా, ఫోటోలు తియ్యడం నేర్చుకుంటున్నానండీ. పాపని తీసుకోవచ్చా? మీరు వద్దంటే ఫోన్‌లో ఎక్కడా పెట్టను." ఆవిడ నన్నూ, మావయ్య తెల్లజుట్టునీ చూసి నవ్వి, "దానికేవఁమ్మా, ఒక్క నిమిషం ఉండు" అని పిల్ల రెక్క పట్టుకుని లోపలికి లాక్కెళ్లింది.

ఆ నిమిషం పావుగంట అయింది. పిల్ల బయటికొచ్చేసరికి మొహానికి పౌడరు, రెండు జడలు, సంక్రాంతికని దాచిన పట్టులంగా, బుగ్గ మీద కాటుకతో దిష్టి చుక్క. తులసికోట పక్కన చేతులు రెండూ కిందికి చాచి బళ్లో ప్రార్థనకి నిలబడ్డట్టు నిలబడింది. ముగ్గు మధ్య గొబ్బెమ్మ సగంలో ఆగిపోయింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. నేను చూసిన ఫోటో పోయింది.

"తియ్యి" అన్నాడు మావయ్య మెల్లగా. "ఇది వాళ్ల ఫోటో. గోడకి పెట్టుకునేది ఇదే. ముందు వాళ్లది తియ్యి, తర్వాత నీది."

ఆ మాట నేను పుస్తకాల్లో ఎక్కడా చదవలేదు. బిగుసుకుని నిలబడ్డ ఫోటో అంటే తప్పు ఫోటో అనే అనుకునేదాన్ని. ఆ తల్లికి కావలసింది తన పిల్ల శుభ్రంగా, నిటారుగా, దిష్టి తగలకుండా నిలబడటం. అందులో తప్పేముంది? తీశాను.

కెమెరా వెనక తెర మీద చూస్తే వెనకంతా తెల్లగా వెలిగిపోతోంది, పిల్ల మొహం మాత్రం మసిపట్టినట్టుంది. కెమెరా ఆ వెలుగంతా చూసి, ఇంత వెలుతురు ఎందుకని తనంతట తాను తగ్గించేసింది. ఎక్స్‌పోజరు ఒక స్టాపు పెంచాను. ఈసారి మొహంలోకి రంగు వచ్చింది, పట్టులంగా జరీ కూడా కనపడింది. మంచు చేసే మేలు అప్పుడే తెలిసింది. సూర్యుడు దాని వెనక ఉన్నంతసేపూ ఆకాశం మొత్తం ఒకే దీపం. ముక్కు కింద నీడ లేదు, కళ్లు చిట్లించడం లేదు. స్టూడియోలో రెండు గొడుగులూ నాలుగు లైట్లూ పెట్టి తెచ్చుకునే వెలుతురు ఇక్కడ గట్టు మీద ఊరికే పరుచుకుని ఉంది. ఎనిమిదిన్నర దాకా ఉంటుందన్నాడు మావయ్య.

సంగతి తెలిసి పిల్లలు చేరారు. ఇద్దరు, నలుగురు, తొమ్మిదిమంది. "అక్కా నన్ను తియ్యక్కా." "వీడు నిన్న గేదె మీంచి పడ్డాడక్కా." భుజాల మీద చేతులు వేసుకున్న ఇద్దరు కుర్రాళ్లని తీశాను. పెద్దాడి కనురెప్పలు లెక్కపెట్టచ్చు, అరడుగు వెనకున్న చిన్నాడు పొగలో కలిసిపోయాడు. ఎఫ్ 1.8లో పెట్టి మర్చిపోయాను. ఎఫ్ 4కి తెచ్చి, ఇద్దర్నీ ఒకే వరసలోకి జరిపి మళ్లీ తీశాను. అంతలో ఒకడు పరిగెత్తాడు. సెకనులో అరవయ్యో వంతు వేగానికి పాదాలు గీతలై పోయాయి. అయిదు వందలో వంతుకి మార్చాక పాదం గాల్లో ఆగింది, మడమ నుంచి రాలుతున్న బురద ముక్కతో సహా.

"కూర్చో" అన్నాడు మావయ్య.

కూర్చున్నాను.

"ఇంకా కిందికి."

మినుపచేని గట్టు మీద బోర్లా పడుకున్నాను. మంచుకి చొక్కా ముందువైపంతా తడిసింది. ఇప్పుడు లెన్సు సరిగ్గా ఆ పిల్లల కళ్లంత ఎత్తులో ఉంది. వాళ్ల వెనక ఇందాకటి బురద లేదు. మినుపచేను, దాని మీద తాడిచెట్ల వరస, ఆకాశం. నిలబడి తీసినప్పుడు తల పెద్దదై, కాళ్లు పుల్లలై, కళ్లెత్తి మనల్ని ఏదో అడుగుతున్నట్టు ఉండేవాళ్లు. పడుకుని తీస్తే అదే అయిదేళ్లవాడు తన పొలంలో తను నిలబడ్డ మనిషిలా ఉన్నాడు. నాకు ఈ మూణ్నెల్లలో దొరికిన పెద్ద పాఠం ఇదే. దానికి లెన్సు ఖర్చు లేదు.

పక్కింటి పిల్లలతో నేను గొడవపడుతుండగా, మొదటి ఇంటి పిల్ల మళ్లీ ముగ్గులోకి వచ్చింది. గోడకి పెట్టుకునే ఫోటో అయిపోయింది కదా, ఇక ఎవరూ తనని చూడటం లేదనుకుంది. లంగా మోకాళ్ల పైకి దోపుకుని, సగంలో ఆగిన గొబ్బెమ్మని రెండు చేతులతో నొక్కుతోంది. నేను మూడడుగుల దూరంలో నేలమీద కూర్చున్నాను. కెమెరా ఒళ్లోనే ఉంచుకున్నాను. ఏమీ అడగలేదు. పేడముద్దకి నున్నగా మొన తెచ్చింది. గుమ్మడి పువ్వు తీసుకుంది. గుచ్చే ముందు ఎందుకో దాన్ని వాసన చూసింది. మొహం పైకెత్తేసరికి ముక్కు కొసన పసుపు పుప్పొడి. పౌడరు మీద పుప్పొడి, దాని పక్కన నల్లటి దిష్టి చుక్క, నుదుటి మీద జడలోంచి జారిన నాలుగు వెంట్రుకలు, వాటికి మంచు. రెండు కళ్లలోనూ చిన్న తెల్లటి చుక్కలు మెరుస్తున్నాయి. అది ఆకాశం. దగ్గరి కంటి మీద ఫోకస్ పెట్టి ఒక్కసారి నొక్కాను.

"చూపించక్కా."

చూపించాను. చాలాసేపు చూసింది. "చేతికి పేడ కనపడుతోంది" అంది.

"తీసెయ్యమంటావా?"

ఆలోచించింది. "వద్దులే. గొబ్బెమ్మ బాగా వచ్చింది."

మావయ్యకి చూపించి, "టచింగ్‌లో ఈ బుగ్గ మీద చుక్క తీసేస్తే ఇంకా బాగుంటుంది కదా?" అన్నాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "చెరపకు. నేనూ ఒకసారి చెరిపాను. ఆ తల్లి ప్రింటు పట్టుకుని మళ్లీ మెట్లెక్కి వచ్చింది. 'నా బిడ్డకి నేను పెట్టిన చుక్క ఏదండీ' అని. మళ్లీ మొదటి నుంచి వేసిచ్చాను."

తొమ్మిదయ్యేసరికి మంచు విడిపోయింది. పదకొండుకి ఎండ పైకెక్కి పిల్లల కళ్లు రెండు నల్ల గుంటలైపోయాయి. వేపచెట్టు కిందికి మారితే ఆకుల సందుల్లోంచి మొహాన ఎండ మచ్చలు, పైగా ఒంటికి ఆకుపచ్చ ఛాయ. చివరికి ఒక పాత పెంకుటింటి వసారా దొరికింది. చూరు కింద చల్లటి నీడ, ఎదురుగా తెల్లటి వాకిలి. మావయ్య థర్మాకోల్ షీటు కింద నుంచి పట్టుకుంటే గడ్డాల కింద కూడా వెలుతురు నిండింది.

ఆ వసారా అరుగు మీద ఒక మామ్మగారు కూర్చుని ఉన్నారు. మేం వచ్చినప్పటి నుంచీ ఆవిడ ఏమీ మాట్లాడలేదు. పిల్లల గోల తగ్గాక పిలిచారు.

"అమ్మాయ్, మా పిల్లని కూడా తీస్తావా?"

"తీస్తాను మామ్మగారూ."

"సెల్లులో చూపించి పోవడం కాదు. కాయితం మీద ఇస్తావా?"

ఇస్తానన్నాను. ఆవిడ వినిపించుకోనట్టు కాసేపు వాకిలి వైపే చూశారు. తర్వాత చెప్పారు. ఉప్పెన నాటికి ఆవిడకి ఇద్దరు పిల్లలు. కొడుకుకి ఆరేళ్లు, కూతురికి మూడు. 1977 నవంబర్ 19. సముద్రం ఊళ్ల మీదికి వచ్చిన ఆ రోజు దివిసీమలోనూ చుట్టుపక్కలా దాదాపు 10 వేల మంది పోయారు. తాటిచెట్టంత ఎత్తున వచ్చాయి నీళ్లు అని ఇక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఆవిడ తుమ్మచెట్టుకి చిక్కుకుని బతికారు. పిల్లలు దొరకలేదు. ఫోటో అంటే ఆ రోజుల్లో అవనిగడ్డ వెళ్లాలి, డబ్బులు కావాలి. పెళ్లికే తీయించుకోలేదు, ఇంక పిల్లలకెక్కడ?

"పెద్దాడి మొహం ఇప్పటికీ వస్తుందమ్మా, కళ్లు మూసుకుంటే. చిన్నదాని మొహం రాన్రానూ రావట్లేదు."

మావయ్య తల దించుకున్నాడు. నాకు కెమెరా బరువెక్కింది.

తీయమన్న పిల్ల ఆవిడ మనవరాలు, ఉప్పెన తర్వాత పుట్టిన బిడ్డకి కూతురు. అయిదేళ్లు. కొత్తవాళ్లని చూసి మామ్మ కొంగులో దూరింది. మావయ్య ఏమీ మాట్లాడకుండా కొండపల్లి ఏనుగుని అరుగు అంచున పెట్టి తప్పుకున్నాడు. పిల్ల మెల్లగా వచ్చి తీసుకుంది. తొండం ఎత్తి చూసింది, ఇంత తేలికగా ఉందేమిటని బుగ్గకి ఆనించుకుంది. జుట్టు కళ్లలో పడుతోంది. మామ్మ పక్కనుంచి చెయ్యి చాచి ఆ జుట్టు వెనక్కి తోసి, ఆ చేతిని అలాగే చెంప మీద ఉంచేశారు. ముడతలు పడ్డ వేళ్లు, మణికట్టున రెండు మట్టిగాజులు.

"నా చెయ్యి అడ్డమా?"

"కాదు మామ్మగారూ. అలాగే ఉంచండి."

ఫోటోగ్రఫీ పుట్టిన కొత్తల్లో, 1839 తర్వాత కొన్ని దశాబ్దాల పాటు, బొమ్మ పడటానికి చాలాసేపు కదలకుండా కూర్చోవాలి. పసిపిల్లలు కూర్చోరు కదా. అందుకని ఇంగ్లండులో, అమెరికాలో తల్లి మీద దుప్పటి కప్పి, ఆమె ఒళ్లో పిల్లని కూర్చోబెట్టి తీసేవాళ్లు. తల్లి కనపడకూడదని. ఆ పాత ఫోటోల్లో కొన్నిట్లో దుప్పటి అంచు నుంచి తల్లి వేళ్లు బయటికి కనిపిస్తూనే ఉంటాయి. వాటిని చూసినప్పుడల్లా నా చూపు ఆ వేళ్ల దగ్గరే ఆగేది. ఆ మధ్యాహ్నం మామ్మ చేతిని ఫ్రేములోంచి తీయకపోవడానికి కారణం అదే.

మూడు తీశాను. మూడోదాంట్లో పిల్ల లెన్సులోకి సూటిగా చూసింది.

బయల్దేరుతుంటే మామ్మ గేటు దాకా వచ్చారు. "అమ్మాయ్, పైన పలచటి ప్లాస్టిక్ వేస్తారు చూడు, అది వేయించి ఇవ్వు. నీళ్లు తగిలినా చెరిగిపోకూడదు."

విజయవాడ వచ్చాక ల్యాబులో ఇంటికొకటి చొప్పున ప్రింట్లు వేయించాం. పట్టులంగా పిల్లకి మాత్రం రెండు, నిటారుగా నిలబడ్డది ఒకటి, పుప్పొడి ముక్కుది ఒకటి. దిష్టి చుక్క రెండిట్లోనూ ఉంది. భోగి నాడు సాయంత్రం, పిల్లలకి భోగిపళ్లు పోసే వేళకి వెళ్లి ఇంటింటికీ ఇచ్చి వచ్చాం. మామ్మగారిది లామినేషన్ చేయించాం. ఆవిడ దాన్ని వెలుతురుకి ఎత్తి చూసి, నాలుగు అంచులూ వేలితో తడిమారు, ఎక్కడైనా సందు ఉందేమోనని.

సంక్రాంతికి మీ ఊరు వెళ్తే, కెమెరాతోనో ఫోన్‌తోనో పిల్లల్ని తీస్తే, ఒక్కొక్కటీ కాయితం మీద వేయించి వాళ్లింట్లో ఇచ్చి రండి.