శస్త్రచికిత్స: ఫలితాల పద్దు

ఆసుపత్రి నుండి ఇల్లు చేరిన మనిషిని చూడవచ్చిన బంధువులు మొదట అడిగే ప్రశ్న "కుట్లెన్ని పడ్డాయి?" అని. రెండవది "ఎన్నాళ్ళు ఉంచుకున్నారు?" అని. ఈ రెంటికీ చిన్న అంకెలలో జవాబు వస్తే వచ్చినవారు తృప్తిపడి, వైద్యుడు హస్తవాసి గలవాడని మెచ్చుకొని వెళ్ళిపోతారు. ఇందులో వారిని తప్పుపట్టవలసినదేమీ లేదు. కంటికి కనిపించేది గాటు ఒక్కటే. చిత్రమేమంటే, వైద్యలోకం కూడ చాలకాలం ఇంతకంటె నమ్మదగిన కొలబద్ద లేకుండానే పని జరుపుకొని వచ్చింది. పొట్టను కోసి తెరవకుండ, మూడు నాలుగు చిన్న రంధ్రాలగుండ పనిచేసే లాపరోస్కోపు విధానం వచ్చిన తరువాత గాని ఆ లోపానికి ఎంత మూల్యం చెల్లించవలసి వస్తుందో తెలియలేదు. ఆ కథకు ముందు మరొక మనిషి కథ చెప్పవలసి ఉన్నది.

ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో అమెరికాలోని బోస్టన్ నగరంలో, మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో, ఎర్నెస్ట్ ఏమరీ కాడ్‌మన్ అనే శస్త్రవైద్యుడుండేవారు. ఆయన చెప్పిన మాట వినడానికి అతి సామాన్యమైనది. ప్రతి రోగికీ ఒక చీటీ ఉండవలె. ఏ బాధతో వచ్చినాడు, ఏమి చికిత్స జరిగింది, నడుమ ఏదైనా పొరపాటు దొర్లినదా, అన్నీ దాని మీద వ్రాయవలె. ఏడాది గడచిన తరువాత ఆ రోగిని మళ్ళీ చూచి, గుణమిచ్చినదా లేదా, ఇవ్వకపోతే ఎందువల్ల అన్నది కూడ ఆ చీటీకే ఎక్కించవలె. దీనికి ఆయన 'అంతిమ ఫలితం' అని పేరు పెట్టినారు. చిల్లర కొట్టు నడిపేవాడు సైతం ఏడాది చివర లాభనష్టాలు చూచుకుంటాడు గదా!

పదోన్నతులు సర్వీసును బట్టి కాక ఫలితాలను బట్టి ఇవ్వవలెనని కూడ ఆయన పట్టుబట్టినారు. పెద్దలకు ఇది రుచించలేదు. 1914లో కాడ్‌మన్ ఆ ఆసుపత్రి ఉద్యోగానికి రాజీనామా ఇచ్చినారు. అంతకు ముందే, 1911లో, స్వంతంగా ఒక చిన్న ఆసుపత్రి తెరచి తన సిద్ధాంతాన్ని తన మీదనే ప్రయోగించుకున్నారు. 1911 నుండి 1916 వరకు అక్కడ చికిత్స పొంది వెళ్ళిన 337 మంది విషయంలో 123 పొరపాట్లు జరిగినవని తానే లెక్కకట్టి, అచ్చువేసి ప్రకటించినారు. తన తప్పుల పట్టికను తానే అచ్చువేసుకున్న వైద్యుడిని మరియొకరిని నేనెరుగను.

1915 జనవరిలో బోస్టన్‌లో జరిగిన ఒక వైద్యుల సభలో ఆయన పెద్ద వ్యంగ్యచిత్రం ఒకటి తెర తీసి చూపినారు. ఇసుకలో తల దూర్చుకొన్న నిప్పుకోడి బంగారు గుడ్లు పెడుతూ ఉంటుంది. వైద్యాచార్యులు వాటిని ఏరుకుంటూ ఉంటారు. ఆ పక్షి ఆ నగరపు ధనిక రోగిలోకం. సభ గగ్గోలైంది. హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఆయనకున్న బోధకపదవి పోయింది. 1940లో కాడ్‌మన్ మరణించినప్పుడు ఆయన సమాధికి పేరు చెక్కిన రాయి కూడ లేదు. శస్త్రవైద్యులు పూనుకొని అక్కడ శిలాఫలకం నిలిపినది 2014లో.

ఆయన అడిగిన పద్దు ఎంత అవసరమో నిరూపించడానికి, ఆయన పోయిన దాదాపు అర్ధ శతాబ్దానికి, పిత్తాశయం సాక్ష్యం పలికింది. కాలేయం క్రింద వ్రేలాడే ఈ చిన్న సంచిని రాళ్ళ బాధకు మొట్టమొదట కోసి తీసివేసినది 1882లో బెర్లిన్ నగరంలో, కార్ల్ లాంగెన్‌బుక్ అనే వైద్యుడు. అటుపై నూరేళ్ళు అదే పద్ధతి: ప్రక్కటెముకల క్రింద పొడుగాటి గాటు, రోజుల తరబడి మంచం. 1985 సెప్టెంబరు 12న జర్మనీలోని బోబ్లింగెన్‌లో ఎరిక్ మ్యూహే రంధ్రంగుండ సాధనాలు పంపి పిత్తాశయాన్ని వెలికి తీసినారు. తోటివారు తల అడ్డంగా త్రిప్పినారు. 1987లో ఫ్రాన్సులోని లియాన్‌లో ఫిలిప్ మూరే ఆ పని చేసేసరికి గాలి మారింది. పారిస్, బోర్డో, అమెరికాలోని నాష్‌విల్. 1990 నాటికి మన దేశంలోనూ, బొంబాయిలో డాక్టర్ టెహెంటన్ ఉద్వాడియా చేతుల మీదుగా. రోగులే అడిగి చేయించుకోసాగినారు. వారాంతపు శిక్షణ తరగతులలో పందుల మీద అభ్యాసం చేసి వచ్చి, తరువాతి వారమే మనుషులకు చేసినవారున్నారు. ముందు పోల్చి చూచి తరువాత ప్రవేశపెట్టుదామని నిలిచి ఆలోచించినవారు తక్కువ.

ఇందులోని ప్రమాదం ఏమిటో కొంచెం వివరించవలె. పిత్తాశయం నుండి ఒక సన్నని నాళం బయలుదేరి, కాలేయం నుండి ప్రేగుకు పైత్యరసాన్ని తీసుకొనిపోయే ప్రధాన నాళంలో కలుస్తుంది. కోయవలసినది చిన్ననాళాన్ని, పెద్దదానిని తాకరాదు. కాని సంచిని పట్టి పైకి లాగినప్పుడు రెండు నాళాలూ ఒకే వరుసకు వచ్చి ఒక్కటిగా తోస్తాయి. చేతి వ్రేళ్ళతో తడిమి తెలుసుకొనే వీలు ఈ విధానంలో లేదు. నాటి తెరమీది బొమ్మకు లోతు లేదు. పెద్దనాళం తెగితే వెంటనే తెలియకపోవచ్చు. రోగి నవ్వుతూ ఇంటికి పోతాడు. కుట్లు రెండో మూడో. కొన్నాళ్ళకు పొట్ట ఉబ్బరం, జ్వరం, కామెర్లు. కొందరిలో నాళం మెల్లగా మూసుకొనిపోయి ఏండ్ల తరువాత బాధ బయటపడుతుంది. అప్పుడతడు పరుగెత్తేది మరొక ఊరి పెద్ద ఆసుపత్రికి. మొదట కోసిన వైద్యుని లెక్కలో అతడు బాగుపడి వెళ్ళినవాడే! కాడ్‌మన్ ఏడాది తరువాత చూడమన్నది ఇందుకే.

వెనుకటి పెద్ద గాటు పద్ధతిలో ఈ గాయం వేయింటికి ఒకటి రెండుగా ఉండేది. క్రొత్త పద్ధతిలో ఎంత? అమెరికా దక్షిణ రాష్ట్రాల శస్త్రవైద్యుల సంఘమొకటి 1991లో 1,518 మంది రోగుల లెక్క ప్రకటించింది. నాళానికి దెబ్బ తగిలినవారు 7గురు. అంటే నూటికి అర. ఇంతటితో ఆగితే అది ఒక సగటు అంకె మాత్రమే. వారు ఆగలేదు. ఒక్కొక్క వైద్యబృందం శస్త్రచికిత్స చేసిన మొదటి 13 మందిని వేరుచేసి చూచినారు. వారిలో నూటికి 2.2, తరువాత వచ్చినవారిలో నూటికి 0.1. చేయి తిరిగిన తరువాత పాత పద్ధతికి తీసిపోదన్నమాట. కాని ఆ చేయి తిరగడానికి అయిన ఖర్చు ఎవరిది? బల్లమీద పడుకొన్నవారిలో ఎందరు "నేను మీకు ఎన్నవవాడను?" అని అడిగి ఉంటారు? కుట్ల సంఖ్య అడిగే మనకు ఈ ప్రశ్న తోచదు.

1993లో 4,292 ఆసుపత్రులకు ప్రశ్నలు పంపి 77,604 మంది సమాచారం కూడదీసినప్పుడు కూడ ఈ గాయం నూటికి 0.6 అని తేలింది. ఆసుపత్రులు తమంత తాము చెప్పిన లెక్క గనుక అసలు ఇంతకు మించి ఉండవచ్చునని నా అనుమానం.

ఈ అంకెలు వైద్యులను ఆలోచింపజేసినవి. 1995లో స్టీవెన్ స్ట్రాస్‌బర్గ్ ఒక నియమం ప్రతిపాదించినారు: కాలేయం క్రింది త్రికోణంలోని క్రొవ్వును తొలగించి, సంచి అడుగుభాగాన్ని కాలేయం నుండి విడదీసి, సంచిలోకి పోయేవి రెండే రెండని స్పష్టంగా చూచేవరకు దేనినీ కత్తిరించరాదు. 2003లో మరికొందరు ఇటువంటి 252 గాయాలను పరిశీలించి చూడగా, నూటికి 97 సందర్భాలలో మూలకారణం చేతి నైపుణ్యలోపం కాదు, కంటి భ్రమ. తాడును చూచి పామనుకోవడం మనకు తెలిసినదే. ఇక్కడ పామునే తాడనుకొన్నారు.

ఇక, ఇల్లు త్వరగా చేరడం మాట. ఇంగ్లండులోని షెఫీల్డులో 200 మంది రోగులను చీట్లు వేసినట్లు రెండు భాగాలు చేసి, సగం మందికి లాపరోస్కోపుతోను, సగం మందికి కురచ గాటుతోను పిత్తాశయం తీసినారు. ఎవరికేది జరిగినదో రోగికిగాని, చూచుకొనే నర్సులకుగాని తెలియకుండ అందరి పొట్టలకూ ఒకే రకం కట్లు కట్టినారు! 1996లో ఫలితం వెలువడింది. ఆసుపత్రిలో ఉన్న రాత్రులు ఉభయులకూ సమానమే. లాపరోస్కోపు పనికి పట్టిన కాలం మాత్రం ఎక్కువ. వెనుకటి పొడుగాటి గాటుకంటె రెండూ మేలే. అయితే ఆ మేలు యంత్రానిదే అనుకొన్నవారికి ఆ కట్లు మంచి పాఠం చెప్పినవి.

చేతిపనిని కూడ కొలవవచ్చునని మిచిగన్ రాష్ట్రంలో చూపినారు. స్థూలకాయానికి లాపరోస్కోపుతో చికిత్స చేసే 20 మంది వైద్యులు తమ పని చిత్రాన్ని ఒక్కొక్కటి ఇచ్చినారు. చేసినదెవరో తెలియకుండ తోటివారు మార్కులు వేసినారు. 2013లో ప్రకటించిన ఫలితం ప్రకారం అట్టడుగు మార్కుల వారి రోగులలో నూటికి 14.5 మందికి చిక్కులు వస్తే, పైమార్కుల వారి రోగులలో 5.2 మందికే వచ్చినవి. రోగి పొట్టమీది మచ్చలు చూచి ఈ తేడా చెప్పగలమా?

లెక్క ఎప్పుడూ క్రొత్తదానికి ప్రతికూలమేనని అనుకోరాదు. పెద్దప్రేగు క్యాన్సర్‌ను రంధ్రాలగుండ తీస్తే ఆ రంధ్రాల చోటనే వ్యాధి మొలకెత్తుతుందని మొదట భయపడినారు. అమెరికాలో 872 మందిని పరిశీలించి 2004లో చెప్పినదేమంటే, మూడేళ్ళలో వ్యాధి తిరగబెట్టినది లాపరోస్కోపు వారిలో నూటికి 16, పెద్ద గాటు వారిలో 18. భయం తీరింది.

అదే ధైర్యంతో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కూడ చిన్న రంధ్రాల పద్ధతి చాలచోట్ల వాడుకలోకి వచ్చింది. 631 మంది స్త్రీలతో జరిగిన పరిశీలన రెండు పద్ధతులూ సమానమని చూపగలమనే ఆశతో మొదలైనదే. 2018లో వెలువడిన ఫలితం వేరు. నాలుగున్నర ఏండ్లకు వ్యాధి తిరగబెట్టకుండ ఉన్నవారు పెద్ద గాటు వర్గంలో నూటికి 96.5, చిన్న రంధ్రాల వర్గంలో 86. మరణాలు కూడ ఈ వర్గంలోనే ఎక్కువ. పరిశీలనను నడుమనే ఆపివేసినారు. పలు దేశాల వైద్యసంఘాలు తమ సూచనలు మార్చుకున్నవి. ఆ శస్త్రచికిత్సకు పెద్ద గాటే తిరిగి ప్రమాణమైంది.