ఢిల్లీ దర్శనంలో బస్సు ఆగని చోటు

మనవారు కాశీకి పోయినా, హరిద్వారానికి పోయినా, తిరుగు ప్రయాణంలో ఢిల్లీలో ఒకరోజు దిగి నగరం చూచి రావడం వాడుక. ఉదయం దర్శనపు బస్సు ఎక్కితే సాయంకాలానికి కుతుబ్ మీనారు, హుమాయూన్ సమాధి, ఇండియా గేటు, రాజఘాట్, ఎర్రకోట చూపించి దింపుతారు. మేమూ షోలాపురం నుంచి అలాగే వెళ్ళి చూచి వచ్చాము. వచ్చిన పిమ్మట పిల్లలకు చెప్పడానికని చరిత్ర గ్రంథాలు తిరగవేయగా, మేము చూడకుండా వచ్చిన చోటు ఒకటి మనవారిదేనని తెలిసింది. ఆ సంగతి ఈ ఉగాదినాడు మన కుటుంబాలవారి ముందు ఉంచుతున్నాము.

ఢిల్లీని చూపించే విద్య నిన్న మొన్నటిది కాదు. 1847లో సయ్యద్ అహ్మద్ ఖాన్ అక్కడి కట్టడాలన్నింటినీ వర్ణిస్తూ ఉర్దూలో ఒక పెద్ద గ్రంథం ప్రకటించాడు. కుతుబ్ మీనారుపై కంటికి అందని ఎత్తున ఉన్న శాసనాలు చదవడానికి ఆయన బుట్టలో కూర్చుండి పైకి లాగించుకొన్నాడు. 1911 డిసెంబరు 12వ తేదీ దర్బారులో రాజధాని కలకత్తా నుంచి తరలివస్తుందని ప్రకటించారు. 1931లో కొత్త ఢిల్లీకి ప్రారంభోత్సవం జరిగింది. అంతటితో చూడవలసినవి రెట్టింపయ్యాయి, చూచేవారికి ఉన్న వ్యవధి మాత్రం ఒక్క పగలే.

అందుచేత గైడు ఏరుకొని చెప్పాలి. మీనారు ఎత్తు 72.5 మీటర్లు, మెట్లు 379 అని చెబుతాడు. 1981 డిసెంబరు 4న లోపలి మెట్లమీద జరిగిన తొక్కిసలాటలో 45 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది బడిపిల్లలు. నాటినుంచి పైకి ఎక్కనివ్వడం లేదు. ఇన్ని చెప్పవలసినవానికి సందులోని సమాధి గుర్తు రాలేదని మేము తప్పు పట్టము.

ఆ సమాధి హుమాయూన్ సమాధికి దగ్గరలోనే, నిజాముద్దీన్ బస్తీలో, ఇళ్ళ నడుమ ఇరుక్కొని ఉంది. ఎనిమిది పలకల కట్టడం, చుట్టూ వసారా, పైన గుమ్మటం. అది ఖానె జహాన్ మక్బూల్ తిలంగానీది. తిలంగానీ అనగా తెలుగుదేశంవాడని అర్థం.

1323లో ఓరుగల్లు పడిపోయింది. ప్రతాపరుద్రుని బందీగా ఢిల్లీకి తీసుకొని పోతుండగా ఆయన దారిలోనే కన్నుమూశాడు. ప్రోలయ నాయకుని విలస శాసనం ఆ మరణం నర్మదాతీరాన జరిగిందని చెబుతున్నది. రాజు చేరలేని ఢిల్లీకి ఆయన కొలువులోని ఒక ప్రముఖుడు చేరాడు. ఇస్లాం స్వీకరించి మక్బూల్ అయినాడు. ఫిరోజ్ షా తుగ్లక్ కాలానికి ప్రధానమంత్రి అయినాడు. సుల్తాను దండయాత్రలకు పోయినప్పుడు రాజధానిని అతనికి అప్పగించి పోయేవాడు. నిజమైన సుల్తాను ఖానె జహానే అని ఫిరోజ్ షాయే అనేవాడని ఆ కాలపు చరిత్రకారుడు అఫీఫ్ వ్రాశాడు.

అదే అఫీఫ్ ఇంకొక మాట కూడా వ్రాశాడు: మక్బూల్‌కు చదువను వ్రాయను రాదట! అయితే మన చరిత్రకారులు కొందరు ఇతనిని ప్రతాపరుద్రుని సేనాని గన్నయ నాయకునిగా గుర్తిస్తారు. మారన కవి మార్కండేయ పురాణాన్ని అంకితమిచ్చినది ఆ గన్నయకే. వారి మాట నిజమైతే, తెలుగు కావ్యాన్ని అంకితం పుచ్చుకొన్నవాడు ఢిల్లీలో నిరక్షరాస్యుడిగా లెక్కకు వచ్చాడన్నమాట. ఆ దర్బారులో అక్షరమంటే పారసీ అక్షరమే గదా!

ఈ మాట చదివినప్పుడు మాకు మా అవ్వ తలపుకు వచ్చింది. ఆమె ప్రతి సాయంకాలం పోతన భాగవతం తప్పులేకుండా చదివేది. ఒక కార్యాలయంలో మాత్రం గుమాస్తా ఆమెచేత వేలిముద్ర వేయించుకొన్నాడు. తెలుగులో సంతకం చేస్తానన్నా వినలేదు. మీ యింట కూడా ఇటువంటి అవ్వ ఒకరు ఉండే ఉంటారు.

మక్బూల్ సమాధి మాత్రం తన మాట తాను నిలుపుకొన్నది. ఢిల్లీలో ఎనిమిది పలకల సమాధులకు మొదటిది అదే అంటారు. లోడీ తోటలోని మహమ్మద్ షా సమాధి, హుమాయూన్ సమాధి ఆవరణలో 1547 నాటి ఈసా ఖాన్ సమాధి ఆ పోలికవే. యాత్రికులు మెచ్చుకొనేది పిల్ల కట్టడాలను, తల్లి కట్టడం సందులోనే ఉండిపోయింది.

మీరు ఢిల్లీ వెళ్ళినప్పుడు ఒక పూట మిగుల్చుకొని ఆ సందులోకి పోయి చూడండి. పిల్లలను వెంట తీసుకొని పొండి. అంతకంటె ముందుగా వారికి తెలుగు అక్షరాలు దిద్దించండి. పరాయి ఊరిలో ఎంత పెద్ద పదవికి ఎక్కినా, మన అక్షరాన్ని గుర్తించవలసినవాళ్ళం ముందు మనమే. మక్బూల్ పేరులో తిలంగానీ అన్న ముక్కను ఢిల్లీవారు దాదాపు 700 ఏళ్ళు నిలిపి ఉంచారు. మన పిల్లల నోట తెలుగును నిలపడం మన పని.