గుట్ట ఎవరిది, ఎక్కేది ఎవరు? మాదాపూర్ బండలు చెప్పే సంగతి



సెలవు రోజొస్తే పట్నం పిల్లలు తాళ్లు, హెల్మెట్లు, వీపున పరుపుల్లాంటి మెత్తలు వేసుకుని ఊర్ల పక్క గుట్టలకు వస్తున్నరు. రాక్ క్లైంబింగ్ అంటరు దాన్ని. కొందరు అడిగి వస్తరు, కొందరు కంచె దాటి వస్తరు. "మన పట్టాలో బండ ఎక్కడానికి వీళ్లెవరు?" అని మనలో కొందరు గరం అయితరు. "పోనీలే, బండే కదా, అరిగిపోతదా?" అని ఇంకొందరు వదిలేస్తరు. రెండు మాటలూ పూర్తిగా కరెక్టు కాదు. ఎందుకో తెలియాలంటే మాదాపూర్ కథ తెలియాలి. కొంచెం పొడుగే, ఓపికతో చదవండి.

ఇప్పుడు మాదాపూర్ అంటే అద్దాల మేడలు. కానీ ఆ నేల అంతా ఒకప్పుడు గుట్టలు, గుండ్లు, వాటి మధ్య చెలకలు, చెరువు. హైదరాబాద్ చుట్టూ ఉన్న ఈ నల్లరాయి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. మనిషి ఎవరూ పేర్చలేదు వాటిని. భూమిలో పగుళ్లు పట్టిన రాయి, వానకు, ఎండకు పొరలు పొరలుగా రాలి, మెత్తటి మట్టి కొట్టుకుపోయినంక ఒకదాని మీద ఒకటి గుండ్లు మిగిలినయి. గోల్కొండ కోటకు మంచినీళ్లు ఇచ్చిన దుర్గం చెరువు ఇట్లాంటి గుట్టల నడుమనే ఉంది. గుట్టల మధ్య దాగి ఉందనే దాన్ని రహస్య చెరువు అన్నరు.

రైతుకు గుట్ట ఎట్లా ఉపయోగపడ్తదో మీకు నేను చెప్పనక్కర్లేదు. మేకలు మేసేది అక్కడ, సీతాఫలాలు కాసేది అక్కడ, పరుపు బండ మీద వడ్లు ఆరబోసేది మనమే. గుండు కింద ఒక మైసమ్మో, పోచమ్మో ఉంటది. కానీ కాగితం మీద మాత్రం అది సాగుకు పనికిరాని పోట్‌ఖరాబ్. సర్వే నంబర్‌లో ఆ గుంటలకు లెక్క లేదు, విలువ లేదు. మాదాపూర్ బండలకు దెబ్బ పడ్డది ఇక్కడనే.

1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు. ఆ తర్వాత చుట్టూ భూమి ధర పెరిగిన తీరు మనందరికీ తెలుసు. సర్కారు భూమి, పట్టా భూమి, ఏదైనా సరే, గుండు అడ్డంగా కనబడ్డది. బ్లాస్టింగ్ పెట్టిండ్రు. గుట్ట పోయి పునాది గుంత వచ్చింది, రాయి కంకరైంది. కొన్నోళ్లకు, అమ్మినోళ్లకు రాయి లెక్కలోనే లేదు, దాని కింది జాగానే లెక్క.

అడిగినవాళ్లు లేరా అంటే ఉన్నరు. 1996లోనే 'సొసైటీ టు సేవ్ రాక్స్' అనే సంస్థ పుట్టింది. ప్రజలను బండల దగ్గరికి నడిపించుకుపోయి చూపించడం వాళ్ల పద్ధతి. నగరంలో తొమ్మిది శిలల సముదాయాలు హుడా నిబంధన 13 కింద వారసత్వ జాబితాకు ఎక్కినయి. అందులో మాదాపూర్ వైపువి రెండు: శిల్పారామం లోపలి 'ఎలుగుబంటి ముక్కు', దుర్గం చెరువు చుట్టూ గుట్టలు. మొదటిది ఒక కాంపౌండ్ లోపల, చూసుకునేవాళ్ల మధ్య నిలబడ్డది. రెండోదాంట్లో చాలా భాగం భవనాల కింద పోయింది. 2015లో ఆ నిబంధననే తీసేశారు. అంటే కాగితం ఒక్కటే బండను కాపాడలేదు. దగ్గర ఉండి దాని విలువ తెలిసినోళ్లు కాపాడాలె.

విలువ అంటే పైసలే కాదు. భువనగిరి కోట ఉన్న ఏకశిల మనందరికీ తెలుసు. అదే బండ మీద తాడు పట్టుకోవడం నేర్చుకున్న మాలావత్ పూర్ణ, నిజామాబాద్ జిల్లా పాకాల కూలి కుటుంబం బిడ్డ, 2014 మే 25న 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. ఖమ్మం జిల్లా పిల్లగాడు ఆనంద్ కుమార్ కూడా వెంటే ఎక్కిండు. ఆ బండను కంకర చేసి ఉంటే ఎన్ని లారీలు అయ్యేదో లెక్కగట్టవచ్చు. ఆ పిల్లల సంగతికి ఏం లెక్కగడతం?

మరి యజమాని హక్కు? ఈ పంచాయితీ ప్రపంచమంతా ఉంది. ఇంగ్లండ్‌లో కిండర్ స్కౌట్ అనే గుట్టను భూస్వాములు వేట కోసం మూసిపెట్టుకుంటే, 1932 ఏప్రిల్ 24న వందల మంది కార్మికులు కావాలని ఎక్కిండ్రు. ఐదుగురికి జైలు పడ్డది. చివరికి 2000లో, కొండలు, బయళ్లలో నడిచే హక్కు ఇస్తూ చట్టం వచ్చింది. స్కాట్లాండ్ 2003లో ఇంకా ముందుకు పోయింది. కానీ గమనించండి, అక్కడ కూడా పంట ఉన్న చేనును ఆ హక్కు నుంచి పక్కకు పెట్టిండ్రు. అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ యజమాని సరే అనాలె. డబ్బు తీసుకోకుండా రానిచ్చిన రైతు మీద ప్రమాదం భారం పడకుండా చాలా రాష్ట్రాల్లో చట్టాలు ఉన్నయి. మన దగ్గర అట్లాంటి ప్రత్యేక చట్టం లేదు. కాబట్టి మాట ముందే స్పష్టంగా ఉండాలె.

ఇంకో సంగతి. ఎవరైనా మీ భూమిలో బాటను 20 ఏళ్లు బహిరంగంగా, అడ్డులేకుండా, మాది హక్కు అన్నట్టు వాడితే, చట్టం దాన్ని హక్కుగా గుర్తించవచ్చు. మీరు అనుమతి ఇచ్చి నడవనిస్తే అది హక్కుగా మారదు. అందుకే ఊరికే వదిలెయ్యకుండా, "నేను ఇస్తున్న అనుమతి ఇది" అని రెండు వాక్యాల కాగితం రాయించుకోండి. పెద్ద గుట్ట అయితే ఒకసారి వకీలును అడగండి.

వచ్చేవాళ్లకు చెప్పాల్సిన షరతులు ఇవి:

1. ముందురోజు ఫోన్ చేసి రావాలె. ఎంతమంది, ఎప్పుడు పోతరు చెప్పాలె.
2. చేను గట్టు మీది నుంచే నడవాలె. గేటు ఎట్లా ఉంటే అట్లనే పెట్టి పోవాలె.
3. మనల్ని అడగకుండా బండకు డ్రిల్లింగ్ చేసి మేకులు కొట్టొద్దు. రంగు, పేర్లు రాయొద్దు. చేతికి పూసుకునే తెల్ల సుద్ద మరకలు తుడిచి పోవాలె.
4. అమ్మవారి గుండు ఎక్కొద్దు. తేనెపట్టు, గుడ్లగూబ గూడు ఉన్న వైపు పోవద్దు.
5. మంట, మందు, సీసాలు వద్దు. ఎండాకాలం గడ్డికి నిప్పంటితే నష్టం మనకే.
6. దెబ్బ తగిలితే బాధ్యత వాళ్లదే అని సంతకం పెట్టాలె.

పద్ధతి తెలిసిన క్లైంబర్లు వీటికి ఎదురు చెప్పరు. ఎదురు చెప్పినోళ్లను మర్యాదగా వెనక్కి పంపండి, కొట్లాట వద్దు.

రేపు క్రషరోళ్లు మీ గుట్టకు ధర చెప్పేందుకు వస్తరు. అప్పుడు "ఇది పనికిరాని రాయి" అనే ముందు మాదాపూర్‌ను ఒకసారి గుర్తు చేసుకోండి. అక్కడ 250 కోట్ల ఏళ్లు నిలబడ్డది మన కళ్ల ముందే పోయింది. గుట్టను అమ్మాలా వద్దా అన్నది మీ ఇష్టం, పట్టా మీది. కానీ ఒకసారి పేల్చిన గుట్టను ఏ భూమి రికార్డూ, ఏ కోర్టూ తిరిగి ఇయ్యలేదు.

మీ ఊరి గుట్ట పేరేంది, దాని కథేంది, కింద రాయండి. అందరం చదువుకుందాం.