భయంతో కొన్న తుపాకీ ఎవరి చేతికి? అమెరికా పరిశోధనల్లో ఒక ఖాళీ, ప్రవాసాంధ్రుల అనుభవం

అమెరికా తుపాకుల మీద వచ్చిన పరిశోధనలు చదువుతుంటే ఒక సంగతి చాలాకాలంగా నన్ను ఇబ్బంది పెడుతోంది. జనం ఎగబడి కొనడం గురించి రాసేవారిలో చాలామంది దుకాణం కౌంటరు దగ్గరే లెక్క ముగిస్తారు. ప్రైవేటు అమ్మకాల గురించి రాసేవారిలో చాలామంది నేరం జరిగాక లెక్క మొదలుపెడతారు. ఈ రెంటికీ మధ్య ఉన్న కాలంలో ఆ తుపాకీ ఎవరి అలమారలో ఉంది, ఎందుకు చేతులు మారింది అన్నది పెద్దగా ఎవరికీ పట్టినట్టు లేదు. డాలస్ శివార్లలో తెలుగు కుటుంబాలతో మాట్లాడుతున్నప్పుడు నాకు తట్టింది ఇదే: ఈ రెండూ వేర్వేరు సమస్యలు కావు, మొదటిదే రెండోదాన్ని పోషిస్తోంది.

ఈ ఖాళీకి ఆర్థికవేత్త ఎమిలియో డెపెట్రిస్-షోవాన్ వ్యాసాన్ని నేను ప్రధానంగా తప్పుపడతాను. 2015లో ‘జర్నల్ ఆఫ్ పబ్లిక్ ఎకనామిక్స్’లో వచ్చిన ఆ వ్యాసం, 2008లో ఒబామా గెలుపు అవకాశాలు పెరిగేకొద్దీ తుపాకులకు గిరాకీ పెరిగిందని గణాంకాలతో చూపింది. కొత్త చట్టం వస్తుందన్న భయం, జాతి విద్వేషం కొంతవరకు కారణాలని తేల్చింది. లెక్కతో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ లెక్కలో కనిపించే మనిషితోనే. అతను భయపడేది శ్వేతసౌధంలోకి రాబోయే వ్యక్తికి. తర్వాత వచ్చిన కొన్ని వ్యాసాలు ఆ మనిషినే అందరికీ నమూనాగా పెట్టుకున్నాయి.

2020 ఆ నమూనాను తలకిందులు చేసింది. అప్పటి అధ్యక్షుడు ట్రంప్. తుపాకులు లాక్కునే చట్టమేదీ కనుచూపు మేరలో లేదు. అయినా ఆ మార్చిలో ఎఫ్‌బీఐ నేపథ్య తనిఖీలు 37 లక్షలు దాటాయి, ఏడాది మొత్తానికి దాదాపు 4 కోట్లకు చేరాయి. ఒక తనిఖీ అంటే ఒక అమ్మకం కాదన్నది నిజమే. కానీ పరిశోధకులు మిల్లర్, జాంగ్, అజ్రేల్ 2022లో ప్రచురించిన సర్వే ప్రకారం 2019 జనవరి నుంచి 2021 ఏప్రిల్ వరకు సుమారు 75 లక్షల మంది జీవితంలో మొదటిసారి తుపాకీ సొంతం చేసుకున్నారు. వారిలో దాదాపు సగం మంది స్త్రీలు. కాలిఫోర్నియాలోని శాన్ గాబ్రియేల్ లోయలో ఆసియా మూలాలవారు దుకాణాల ముందు బారులు తీరారు. వీళ్ల భయం వాషింగ్టన్ గురించి కాదు, వీధి గురించి.

మనవాళ్లకు ఆ భయం 2017 ఫిబ్రవరి 22నే మొదలైంది. కాన్సస్‌లోని ఒలేతాలో ఒక బార్‌లో ‘నా దేశం నుంచి పొండి’ అని అరుస్తూ ఒకడు కాల్పులు జరిపాడు. ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్ చనిపోయారు. ‘మనమూ ఒకటి ఇంట్లో పెట్టుకోవాలా’ అన్న ప్రశ్న ఆ తర్వాతే తెలుగు ఇళ్లలోకి వచ్చిందని నాతో మాట్లాడినవాళ్లు దాదాపు అందరూ చెప్పారు.

వారిలో ఒక గ్రీన్‌కార్డు ఇంజనీరు 2020 మార్చిలో కిరాణా దుకాణంలో ఖాళీ అరలు చూసి అదే వారం తొమ్మిది ఎం.ఎం. పిస్టల్ కొన్నాడు. దుకాణంలో తుపాకీ కొనేవాళ్లు నింపాల్సిన ఫారం 4473 నింపాడు, గ్రీన్‌కార్డు చూపించాడు, తనిఖీ అయ్యాక ఇంటికి తెచ్చుకున్నాడు. బాబు పాకడం మొదలుపెట్టేసరికి అది అలమార పై అరకు చేరింది. చివరికి ఇల్లాలి పోరు పడలేక ఒక పెట్రోలు బంకు పార్కింగ్‌లో ముక్కూమొహం తెలియని మనిషికి అమ్మేశాడు. “టెక్సాస్ లైసెన్సు చూశానండీ. అంతకుమించి ఏం చూడాలో నాకెవరూ చెప్పలేదు” అన్నాడు. అతను చట్టం తప్పలేదు. కానీ కొన్నవాడు తుపాకీకి అర్హుడో కాదో అతనికి తెలియదు. ఉదాహరణకు హెచ్-1బీ వీసా మీద ఉన్నవాళ్లకు వేట లైసెన్సు లాంటి మినహాయింపు ఉంటే తప్ప తుపాకీ నిషిద్ధం. కౌంటరు దగ్గర అది బయటపడుతుంది. పార్కింగ్‌లో అడగాలన్న నిబంధన అమ్మేవాడికి లేదు.

ఆ పిస్టల్ రేపు ఏ నేరస్థలంలోనో దొరికిందనుకుందాం. వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో, తుపాకుల వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ ఏటీఎఫ్‌కు జాడతీసే కేంద్రం ఉంది. అక్కడివాళ్లు క్రమసంఖ్య పట్టుకుని తయారీదారు, టోకు వర్తకుడు, దుకాణం మీదుగా ఫారం 4473 దాకా వెళ్తారు. మూతపడ్డ దుకాణాల పాత రికార్డుల్లో పేరు పెట్టి వెతికే వీలు వాళ్లకు లేదు. కేంద్ర రిజిస్ట్రీని 1986 చట్టం నిషేధించింది. కాబట్టి దొరికేది మొదటి కొనుగోలుదారు పేరు, అంటే మన ఇంజనీరు పేరు. ఆ తర్వాత కాగితం లేదు. పరిశోధకుల లెక్క కౌంటరు దగ్గర ఆగిపోవడానికి మరో కారణం ఇది. దీన్ని మన పండితులు పద్ధతిపరమైన చిన్న పరిమితిగా ఒక ఫుట్‌నోట్‌లోకి తోసేస్తారు.

కాగితం లేనిచోట ఏం జరుగుతుందో టెక్సాస్‌లోని ఒడెస్సా చెబుతుంది. 2019 ఆగస్టు 31న మిడ్‌లాండ్-ఒడెస్సాలో ఏడుగురిని చంపినవాడు 2014లో దుకాణంలో తనిఖీలో తప్పాడు. 2016లో లబక్‌కు చెందిన ఒక ప్రైవేటు వ్యక్తి దగ్గర ఏఆర్ తరహా రైఫిల్ కొనుక్కున్నాడు. దుకాణం మూసిన తలుపును ప్రైవేటు బేరం తెరిచింది. అమ్మినవాడికి లైసెన్సు లేకుండా వ్యాపారం చేసినందుకు రెండేళ్ల శిక్ష పడింది. ఇలాంటి బేరాలకూ తనిఖీ పెట్టాలన్న మాంచిన్-టూమీ సవరణకు 2013 ఏప్రిల్‌లో సెనేట్‌లో 54 ఓట్లే వచ్చాయి, కావలసినవి 60. అంతకుముందు రెండేళ్లలో ప్రైవేటుగా తుపాకీ కొన్నవారిలో సగం మందికి తనిఖీ జరగలేదని 2015 జాతీయ సర్వే చెప్పింది. 2016 ఖైదీల సర్వేలో తుపాకీ ప్రదర్శనల్లో సంపాదించామన్నవారు ఒక శాతం లోపేనన్న వాదన ఉంది గానీ, పార్కింగ్ బేరాలు ఆ గడిలోకి రావు.

భయం చల్లారుతుంది, తుపాకీ అరిగిపోదు. 2020 లాంటి ఏళ్లలో ఎగబడి కొన్న తుపాకులే ఈనాటి ప్రైవేటు సంతను నింపుతున్నాయని నా అనుమానం. వాటిలో కొన్ని నేరస్థుల చేతికీ చేరుతుండవచ్చు. డెపెట్రిస్-షోవాన్ తరహా అధ్యయనాలు కొనుగోలుదారు మనసు చదవడంలో మునిగి, ఆ ఇంటి నుంచి బయటికి వెళ్తున్న సరుకును చూడలేదు.

చూడటానికి దారి ఉంది. కాలిఫోర్నియాలో 1991 నుంచి ప్రైవేటు అమ్మకాలు కూడా లైసెన్సున్న వర్తకుడి ద్వారానే జరగాలి. అంటే 2020లో శాన్ గాబ్రియేల్‌లో వరుసలో నిలబడి కొన్న పిస్టల్ చేతులు మారితే ఆ సంగతి రాష్ట్ర న్యాయశాఖ దగ్గర నమోదవుతుంది. ఆ ఏడాది అమ్మకాల్లో ఎన్ని, ఎంతకాలానికి రెండో యజమానికి చేరాయో ముందుగా అక్కడ లెక్కగట్టాలి. టెక్సాస్‌లో మొదటి కొనుగోలుదారులను నేరుగా అడిగి, ఆ జవాబులను కాలిఫోర్నియా లెక్కతో పోల్చి చూడాలి. తెలుగు కుటుంబాల వరకు నేను ఆ పని మొదలుపెట్టాను.