పిట్ట పేరు, పిట్ట బొమ్మ



శీతకాలంలో మన జిల్లాలో కెమెరా ఉన్నవాళ్ళు చాలామంది రంభకు వెళతారు. చిలకలో పడవ మాట్లాడుకుని, బాతులకూ కొంగలకూ ఫొటోలు తీసుకుని వస్తారు. ఫిబ్రవరి దాటితే వలస పక్షులు తిరుగుముఖం పడతాయి. కెమెరాలు బీరువాల్లోకి చేరుకుంటాయి. నన్నడిగితే సరిగ్గా అప్పుడే వాటిని బయటికి తీయాలి. తప్తపాణి వైపు ఘాట్ రోడ్డు పక్కన బూరుగలూ మోదుగలూ ఆకు రాల్చి ఎర్రగా పూసే కాలం అది. పువ్వుల కోసం వచ్చే పిట్టలు ఆకుల్లేని కొమ్మల మీద బాహాటంగా కనిపిస్తాయి. శీతకాలమంతా గొంతు కింద ఒక నల్లచార తప్ప ఆడపిట్టకూ తనకూ పెద్ద తేడా లేకుండా తిరిగిన మగ తేనెపిట్ట, అప్పటికి మెరిసే నల్లని నీలంలోకి మారిపోయి ఉంటుంది.

ఈ రంగుల పిట్టలను బొమ్మకెక్కించడం మన ప్రాంతానికి కొత్త ముచ్చటేమీ కాదు. దాని చరిత్ర ఒక యుద్ధం దగ్గర మొదలవుతుంది.

గుంసూరు జమీందారు ధనంజయ భంజ్ పేష్కసు బకాయి పడ్డాడని 1835లో కుంఫిణీ సైన్యం అతని మీదికి వచ్చింది. ఆయన అడవి పట్టి అక్కడే మరణించాడు. కొండల్లోని ఖోందులు తిరగబడ్డారు. 1837 దాకా సాగిన ఆ గొడవలో సిపాయిలను అడవి జ్వరం బాగా దెబ్బ తీసింది. ఆనాటి కమిషనర్ రస్సెల్ పేరుతోనే నేటి భంజనగర్‌కు రస్సెల్‌కొండ అనే పేరు వచ్చింది. దొర పేరుకు మన ‘కొండ’ తోకగా తగిలించుకుని ఆ ఊరు చాలాకాలం బతికింది. అది వేరే కథ.

జ్వరాలూ విరేచనాలతో పడిపోతున్న ఆ సైన్యానికి వైద్యం చేయడానికి గంజాం వచ్చిన వారిలో థామస్ కావర్‌హిల్ జెర్డాన్ అనే కుర్ర డాక్టరు ఒకడు. 1811లో పుట్టాడు, 1836లో మద్రాసులో ఓడ దిగాడు. అంటే గంజాం మద్రాసు నుంచి విడిపోయి ఒడిశాలో కలవడానికి సరిగ్గా నూరేళ్ళ ముందు. రోగులను చూడగా మిగిలిన వేళల్లో ఈయన తూర్పు కనుమల పిట్టలను చూశాడు. 1862–64లో కలకత్తాలో అచ్చయిన ఆయన పెద్ద గ్రంథం ‘ది బర్డ్స్ ఆఫ్ ఇండియా’లో వెయ్యికి పైగా పక్షుల వివరాలున్నాయి. గుంసూరు అడవుల పేరు అందులో అక్కడక్కడ తగులుతుంది.

ఆ రోజుల్లో పిట్టను ‘చూడడం’ అంటే తుపాకీతో చూడడమే. సన్నరవ్వ గుళ్ళతో కొట్టి, చర్మం ఒలిచి, పురుగు పట్టకుండా విషం పూసి, దూది కూరి పెట్టెలో పెట్టేవారు. ఇందులో ఒక చిక్కుంది. ఈకల రంగు ఏళ్ళ తరబడి నిలుస్తుంది గానీ, కంటి రంగు, ముక్కు రంగు, కాళ్ళ రంగు త్వరలోనే వెలిసిపోతాయి. కాబట్టి పిట్ట తాజాగా ఉండగానే చిత్రకారుడు రంగు పట్టుకోవాలి. జెర్డాన్ 1843 నుంచి 1847 వరకు మద్రాసులో భాగాలుగా వెలువరించిన ‘ఇలస్ట్రేషన్స్ ఆఫ్ ఇండియన్ ఆర్నిథాలజీ’లో యాభై చిత్రాలున్నాయి. వాటిలో ఎక్కువ భాగం గీసినవారు మన దేశపు చిత్రకారులే. లండన్‌లో చూసిన పెద్దలు కూడా మెచ్చుకున్నారు. తేనెపిట్టను గీసి చూడండి, ఆ చిత్రకారుల కష్టం తెలుస్తుంది. ఆ మెరుపు రంగు ఈకలో ఉండే వర్ణద్రవ్యం కాదు, ఈక నిర్మాణం మీద వెలుగు ఆడే ఆట. ఒక పక్క నుంచి చూస్తే నీలం, మరోపక్క నుంచి చూస్తే ఉత్త నలుపు. ఈనాడు ఫొటో తీసేవారికీ ఇదే తిప్పలు. ఎండ మీ వీపు వెనక ఉంటే తేనెపిట్ట, ఎదురుగా ఉంటే బొగ్గుముక్క.

అయితే జెర్డాన్ పుస్తకంలో తెలుగువారికి బొమ్మలకన్నా విలువైనది మరొకటుంది. పక్షి శాస్త్రీయనామం పక్కన ఆయన దేశభాషల పేర్లూ రాసుకున్నాడు. తెలుగు పేర్లు బోలెడు. బుల్‌బుల్‌కు పిగిలిపిట్ట. దూడగోరింటిలాంటి పొదల చుట్టూ, పెరటి గోడల మీద తోకెత్తి తిరిగే నల్లపిట్టకు నల్లంచి. తెల్లవారుజామున పందిరి గుంజ మీద కూర్చుని ఈలలు వేసే నలుపు తెలుపుల పిట్టకు పెద్ద నల్లంచి. పసుపుముద్దలాంటి పిట్టకు వంగపండు. ఇక తెల్లని రిబ్బన్లలాంటి రెండు పొడుగు ఈకలను వెనక వేలాడేసుకుని ఎగిరేదానికి తోక పిగిలిపిట్ట. ఈ పేరు పెట్టినవాడి చూపు గమనించండి. ఆ పిట్టకు నల్లని తల, తల మీద కుచ్చు ఉంటాయి, అచ్చం పిగిలిపిట్టకున్నట్టే. తోక ఒక్కటే అదనం. ఈ పేర్లు పిట్టలు పట్టేవాళ్ళు, పొలం కాసేవాళ్ళు చెప్తే తప్ప దొరకు తెలిసే దారి లేదు.

మా బడిలో పిల్లలు సెల్‌ఫోన్లలో ఫొటోలు తీసి తెచ్చి చూపిస్తుంటారు. చక్కగా తీస్తారు. “ఇదేమిటిరా?” అంటే, “పిట్ట, మాస్టారూ” అంటారు. “ఏ పిట్ట?” అంటే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. తెలుగు ఇంట్లో, ఒడియా వీధిలో, ఇంగ్లీషు బడిలో పెరిగే పిల్లలకు మూడు భాషల్లోనూ పిట్ట ఒక్కటే అయి కూర్చుంది. వాళ్ళను నేను కోప్పడను. ఎందుకంటే ఒక ఫ్రెంచి పండితుడు కూడా సరిగ్గా ఆ జవాబే రాసుకున్నాడు.

1816లో వియెయో అనే ఆ పక్షిశాస్త్రవేత్త పొట్టితోక గల ఒక రంగురంగుల పక్షిజాతికి ‘పిట్టా’ అని పేరు పెట్టాడు. అది మన తెలుగు మాటే. ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా వ్యాపించిన నలభైకి పైగా జాతుల కుటుంబమంతా ఇవాళ ఆ మాటతోనే చెలామణి అవుతోంది. మన దేశపు జాతికి తెలుగులో పొన్నంగి పిట్ట అనే సొంత పేరుంది. జెర్డాన్ దాన్నీ రాసుకున్నాడు. హిందీవారు నవరంగ్ అంటారు. ఆకుపచ్చ వీపు, గోధుమవన్నె పొట్ట, తోక కింద కుంకుమ ఎరుపు, కంటికి అడ్డంగా నల్లపట్టీ, తెల్లని గొంతు, రెక్క మీద నీలి మెరుపు. ఇన్ని రంగులు పెట్టుకుని కూడా పొద కింద ఎండుటాకుల్లో పురుగులు ఏరుకుంటూ ఎవరి కంటా పడదు. పొద్దునా సాయంత్రమూ రెండు స్వరాల ఈల వేస్తుంది. ఆ వేళ చూసే తమిళులు దీన్ని ‘ఆరు గంటల పిట్ట’ అంటారు.

దీన్ని గురించి జెర్డాన్ రాసిన ముచ్చట ఒకటి చెప్పాలి. ఎండాకాలం మొదట్లో పడమటి గాలి తీవ్రంగా వీచే రోజుల్లో ఈ పిట్టలు కోస్తా ఊళ్ళలో గుడిసెల్లోకి, కొట్టాల్లోకి వచ్చి దూరతాయట. తాను మొట్టమొదట చూసిన పొన్నంగి మద్రాసు జనరల్ ఆసుపత్రిలోకి వచ్చిందట. తర్వాత నెల్లూరులో పనిచేసినప్పుడు ఇలాగే ప్రాణాలతో ఎన్నో దొరికాయట. ఎగిరే బలం లేక తూర్పు కనుమల నుంచి గాలికి కొట్టుకొచ్చాయని ఆయన ఊహించాడు. చూసింది నిజమే, చెప్పిన కారణం మాత్రం సరి కాదు. పొన్నంగి శీతకాలం దక్షిణాదిలో, సింహళంలో గడిపి, ఎండలు ముదిరేసరికి గూడు పెట్టుకోవడానికి మధ్య భారతానికి, హిమాలయ పాదాలకు తిరిగిపోయే వలసపిట్ట. ప్రయాణం రాత్రిళ్ళు. అలసిపోయినవి తెల్లవారేసరికి ఎక్కడ చీకటి నీడ కనిపిస్తే అక్కడ వాలతాయి. బలహీనమైన పిట్ట అని దొరగారు జాలిపడ్డారు గానీ, అది ఆయన ఊహించిన దానికన్నా గట్టిది.

పేరుకున్న విలువ ఎంతో తెలియాలంటే కలివికోడి సంగతి చాలు. అది పాటపాడే పిట్ట కాదు, నేల మీద పరుగులు తీసే పక్షి. జెర్డాన్ సేకరించగా బ్లైత్ అనే శాస్త్రవేత్త 1848లో దానికి శాస్త్రీయనామం పెట్టాడు. 1900 తర్వాత అది ఎవరికీ కనబడలేదు, అంతరించిందనుకున్నారు. బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ వారు దాని బొమ్మలు పట్టుకుని కడప జిల్లా పల్లెల్లో అడిగారు. ఊరివాళ్ళు చూసి, ఇది కలివికోడే కదా అన్నారు. 1986 జనవరిలో పిట్ట దొరికింది. శాస్త్రం చనిపోయిందనుకున్న పక్షి పల్లె నోట్లో బతికే ఉంది. ఆ పేరు కూడా మరిచిపోయి ఉంటే బొమ్మ చూపించి ఏం లాభం?

కెమెరా తుపాకీ స్థానంలోకి మెల్లగా వచ్చింది. తొలినాటి గాజు పలకల మీద బొమ్మ పడడానికి చాలా వెలుతురు, చాలా సమయం కావాలి. పిట్ట అంతసేపు నిలవదు. అందుకని పిట్ట తప్పకుండా తిరిగివచ్చే చోటు, అంటే గూడు దగ్గర, చిన్న గుడారం వేసుకుని గంటల తరబడి కూర్చునేవారు. రైల్వే ఉద్యోగం చేస్తూ ఇలా ఏళ్ళ తరబడి ఫొటోలు తీసిన లోథర్ పుస్తకం ‘ఎ బర్డ్ ఫొటోగ్రాఫర్ ఇన్ ఇండియా’ 1949లో వచ్చింది. ఈనాటి కెమెరాకు గూడు అవసరం లేదు. సెకనులో రెండువేలవ వంతులో, దూరం నుంచే, పొద చీకట్లో కూడా బొమ్మ పట్టేస్తుంది. అవసరం తీరిపోయినా అలవాటు మాత్రం పోలేదు. గూటికి అడ్డమున్న ఆకులు తుంచి ఫొటో తీసేవారున్నారు. ఆ ఆకులే కాకి కంట పడకుండా పిల్లల్ని కాస్తున్నవి. ఫోనులో పిట్ట కూత వినిపించి రప్పించేవారూ ఉన్నారు. వసంతంలో మగపిట్ట ఆ కూతను తన జాగాలోకి చొరబడ్డ శత్రువనుకుని, మేత మానేసి వెతుక్కుంటూ తిరుగుతుంది. ఆ పూట దాని పెళ్ళానికీ పిల్లలకూ పస్తే.

మీరు ఫొటో తీస్తే దాంతోపాటు మూడు మాటలు రాసిపెట్టండి: తారీఖు, ఊరు, పిట్ట పేరు. మొదటి రెండూ మీ ఫోనే గుర్తుపెట్టుకుంటుంది. మూడోదాని కోసం ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. వాళ్ళు జెర్డాన్ రాసుకోని పేరు చెప్పినా చెప్పవచ్చు.

ఇక ఏప్రిల్, మే నెలల్లో మీ వరండాలోకో వంటింట్లోకో పొట్టితోక గల రంగుల పిట్ట వచ్చి మూల నక్కితే కంగారుపడకండి. ఫ్యాను ఆపండి, పిల్లిని బయటికి పంపండి. పిట్ట మరీ నీరసంగా ఉంటే గాలి ఆడేలా చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో చీకటిగా, చప్పుడు లేనిచోట ఉంచండి. నోట్లో నీళ్ళు పోయకండి, ఊపిరికి అడ్డం పడతాయి. దెబ్బ తగిలి ఉంటే అటవీశాఖ వారికి కబురు చేయండి. పంజరంలో పెట్టుకోవడం 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం. కోలుకుంటే పొద్దు వాలే వేళకు చెట్లున్న చోట పెట్టె మూత తీసి పక్కకు తప్పుకోండి. దాని ప్రయాణం చీకటి పడ్డాకే.