మాట నిలిచెను, అర్థము మారెను



మన పిల్లలు బడిలో ఇంగ్లీషు నేర్చుకొనిన కొద్ది దినములకే కొన్ని లాటిను మాటలను, అవి లాటిను అని యెరుగకయే, వాడ నారంభింతురు. గడియారము చూచి ‘ఏ.ఎమ్.’ అందురు. అది ‘ఆంటె మెరీడియెమ్’, అనగా మధ్యాహ్నమునకు ముందు. ‘పి.ఎమ్.’ అనునది ‘పోస్ట్ మెరీడియెమ్’, అనగా మధ్యాహ్నమునకు తరువాత. జాబు ముగించి సంతకము చేసిన పిమ్మట, మరచిన సంగతి జ్ఞాపకము వచ్చి అడుగున ‘పి.ఎస్.’ అని వ్రాయుదుము. అది ‘పోస్ట్ స్క్రిప్టుమ్’, అనగా వ్రాసినదాని తరువాత వ్రాయబడినది. ‘ఎట్సెట్రా’ అనగా ‘తక్కినవియు’. సమాధి రాళ్లమీద కనబడు ‘ఆర్.ఐ.పి.’ అను మూడక్షరములు ‘రెక్వియెస్కాత్ ఇన్ పాచె’, అనగా ‘సమాధానముతో విశ్రమించును గాక’ అను ప్రార్థన. అదే అర్థముగల ఇంగ్లీషు మాటలకును ఆ మూడే మొదటి అక్షరములగుటచేత, అనేకులు అది ఇంగ్లీషే అనుకొందురు.

వీటన్నిటికంటె మిక్కిలి వాడుకలోనున్నది ‘ఏ.డి.’. అది ‘అన్నో దొమిని’, అనగా ‘ప్రభువు సంవత్సరమందు’. దీని చరిత్ర తెలిసికొనదగినది. 303వ సంవత్సరములో రోమా చక్రవర్తియగు డయొక్లీషియను క్రైస్తవుల మందిరములను పడగొట్టుడనియు, వారి లేఖనములను కాల్చివేయుడనియు ఆజ్ఞాపించెను. అయినను అతడు రాజ్యమునకు వచ్చిన 284వ సంవత్సరమునుండియే సంవత్సరములు లెక్కించు ఆచారము అలెగ్జాండ్రియా సంఘములో నిలిచియుండెను. పునరుత్థాన పండుగ తేదీల పట్టికలమీద సయితము హింసకుని పేరే! 525లో రోమాలో నివసించుచున్న డయొనీసియస్ అను సన్యాసి క్రొత్త పట్టిక సిద్ధపరచుచు, దైవద్రోహియైన ఆ చక్రవర్తి జ్ఞాపకమును ఇక నిలుపగూడదని తలంచి, ప్రభువు నరావతారమునుండి లెక్కించెను. ఆయన తనకు తాను పెట్టుకొనిన బిరుదు ‘ఎక్సిగ్యుయస్’, అనగా ‘అల్పుడు’. 731లో బీడ్ అను భక్తుడు ఇంగ్లీషు ప్రజల సంఘచరిత్రను వ్రాయుచు ఈ లెక్కనే వాడినందున, అది పడమటి దేశములందు వ్యాపించెను. హేరోదు మరణకాలమునుబట్టి చూడగా ఆ అల్పుని లెక్కలో కొద్ది సంవత్సరముల తప్పు గలదని పండితులు చెప్పుదురు. నేడు మన తెలుగులో కొందరు ‘క్రీ.శ.’ అనుటకు బదులు ‘సా.శ.’ అని వ్రాయుచున్నారు. పేరు వేరైనను, లెక్క మాత్రము ఆయనదే.

అక్షరములు చేతిలోనుండగా అర్థము చేజారుట గడియారపు మాటలలో జరిగిన యెడల నష్టమేమియు లేదు. అయితే రక్షణకు సంబంధించిన మాటలో అట్లు జరిగిన యెడల ఏమగును? సంఘచరిత్రలో అది జరిగినది.

మొదట లాటిను దాచబడిన భాష కాదు. అది సిపాయిలు, వర్తకులు, బజారులోని స్త్రీలు మాటలాడిన భాష. 382లో రోమా బిషప్పు డమాసు కోరికపై జెరోము పండితుడు పాత లాటిను సువార్తలను సరిదిద్ద నారంభించెను. తరువాత బేత్లెహేములో నివసించుచు, పాత నిబంధనను హెబ్రీనుండి తర్జుమా చేసి, సుమారు 405 నాటికి ముగించెను. కాలక్రమమున ఆ గ్రంథమునకు ‘వుల్గాత’ అను పేరు నిలిచెను. వుల్గాత అనగా ‘అందరి వాడుకలోనున్నది’ అని అర్థము.

మత్తయి సువార్త 4వ అధ్యాయము 17వ వచనములో ప్రభువు తన పరిచర్య నారంభించుచు పలికిన మొదటి పిలుపు గలదు. గ్రీకులో ఆ మాట ‘మెటనోయెయితె’. ‘నూస్’ అనగా మనస్సు; ఆ మనస్సు మారవలెనని దాని భావము. లాటిను బైబిలులో అది ‘పెనితెన్సియమ్ అగితె’ అని యుండెను. జెరోము కాలపు జనులకు అది ‘పశ్చాత్తాపపడుడి’ అనియే వినబడెను. అయితే శతాబ్దములు గడచినకొలది సంఘములో పాపములు ఒప్పుకొనుటకును, గురువు విధించిన ప్రాయశ్చిత్త క్రియలు నెరవేర్చుటకును విస్తారమైన ఏర్పాటు పెరిగెను. ‘పెనితెన్సియ’ అను పేరే ఆ ఏర్పాటునకు వచ్చెను. అప్పుడు అదే వచనము చదువగా, ‘ప్రాయశ్చిత్తము చేయుడి’ అని ప్రభువు ఆజ్ఞాపించినట్లు జనులకు తోచెను. గ్రంథములో ఒక్క అక్షరమైనను మారలేదు. మాట నిలిచెను, దాని క్రింద అర్థము మారెను.

15వ శతాబ్దములో లొరెన్సో వల్ల అను ఇటలీ పండితుడు గ్రీకు ప్రతులతో లాటినును పోల్చి చూచి, తేడాలను వ్రాసియుంచెను. ఎరాస్మస్ ఆ వ్రాతను కనుగొని 1505లో అచ్చు వేయించెను. 1516లో బాసెలు పట్టణమందు ఆయనే గ్రీకు క్రొత్త నిబంధనను ప్రకటించి, తన వ్యాఖ్యలో ఈ మాటకు ‘రెసిపిస్కితె’, అనగా ‘బుద్ధి తెచ్చుకొనుడి’ అనుట తగునని చూపెను.

మరుసటి యేడు, అనగా 1517 అక్టోబరు 31న, మార్టిన్ లూథరు విట్టెన్‌బర్గునుండి తొంబదియైదు వాదాంశములను మైన్జు ఆర్చిబిషప్పునకు పంపెను. పాపశిక్షనుండి విడుదల పత్రములు సొమ్మునకు దొరకుచుండిన దినములవి. లూథరు మొదటి అంశమే ఈ వచనమును గూర్చినది. విశ్వాసి బ్రదుకంతయు పశ్చాత్తాపమే కావలెనని ప్రభువు కోరెననియు, గురువు ఎదుట జరుగు ఆచారముతో ఆ మాట సరిపడదనియు ఆయన వాదించెను. ఒకప్పుడు ‘పెనితెన్సియ’ అనునంత చేదైన మాట తనకు లేఖనములలో లేకుండెననియు, దాని గ్రీకు భావము తెలిసిన పిమ్మట అది తీపియాయెననియు 1518లో తన ఆత్మీయ గురువగు స్టౌపిట్జునకు వ్రాసెను.

ఇంగ్లీషులోను ఈ మాటకై పోరాటము జరిగెను. 1526లో విలియమ్ టిండేలు తన క్రొత్త నిబంధనలో ‘రిపెంట్’ అని వ్రాసెను. ‘ప్రాయశ్చిత్తము చేయుడి’ అని యుండవలెనని సర్ థామస్ మూర్ ఆక్షేపించెను. 1536లో టిండేలు మతభ్రష్టుడను తీర్పు పొంది, గొంతు బిగింపబడి, కాల్చబడెను. 1582 నాటి రీమ్సు పట్టణపు కతోలిక తర్జుమాలో ‘డూ పెనెన్స్’ అనియే అచ్చు పడెను. అయినను మనము ఇతరులను నిందించుటకై ఈ చరిత్ర చదువరాదు. 1963 డిసెంబరు 4న రెండవ వాటికన్ మహాసభ ఆరాధనలో దేశభాషల వాడుకకు మార్గము తెరచెను. నేడు కతోలిక సహోదరులును మన గ్రామములలో తెలుగులోనే ఆరాధించుచున్నారు.

మనకు దేవుడు చేసిన మేలు తలంచుడి. 1805లో విశాఖపట్టణము చేరిన లండన్ మిషన్ సేవకులు క్రాన్, దెగ్రాంజ్ అనువారు, ఆనందరాయరు అను క్రైస్తవుని సహాయముతో సువార్తలను తెలుగు చేయ పూనుకొనిరి. 1812లో మొదటి మూడు సువార్తలు శ్రీరాంపూరులో అచ్చగునప్పటికి ఆ దొరలిద్దరును ప్రభువునందు నిద్రించియుండిరి. నేడు మన బైబిలులో ఆ వచనమున నున్న మాట ‘మారుమనస్సు’. లాటిను పండితులు ఎన్ని యేండ్లో వెదకిన భావము మన తల్లి భాషలో విప్పి చెప్పినట్లున్నది: మారిన మనస్సు!

అయితే ఇక్కడనే మనకు హెచ్చరిక గలదు. ఇటీవల ఒక సండేస్కూలులో ఒక బాలుడు ఆ వచనమును తప్పులేకుండ అప్పగించెను. ‘బాబూ, మారుమనస్సు అనగా నేమి?’ అని అడుగగా కొంతసేపు ఆలోచించి, ‘బాప్తిస్మము తీసికొనుటండి’ అనెను. పక్కనున్న పెద్దలు నవ్విరి. నాకు నవ్వు రాలేదు. ఆ పిల్లవాడు మన నోట విన్నదే చెప్పెను. మన మధ్యను మాట నిలిచియున్నది. దాని క్రింద అర్థము మెల్లగా జరిగిపోవుచున్నది. లాటినునకు జరిగినది తెలుగునకు జరుగదని ఎవరు చెప్పగలరు?

దీనికి మందు క్రొత్త మాట వెదకుట మాత్రమే కాదు. జక్కయ్యను చూడుడి. అతడు గ్రీకు వ్యాకరణము విప్పలేదు. అన్యాయముగా తీసికొనినదానిని నాలుగంతలు తిరిగి యిచ్చెదననెను. మనస్సు మొదట మారెను, వెంటనే చేయి తెరచుకొనెను. ఆ దినమున యెరికోలో ఆ మాటకు అర్థమేమని ఎవడును అడుగవలసిన అవసరము లేకపోయెను. మన యింటిలో మన పిల్లలు ఆ అర్థమును మన బ్రదుకులో చదువగలుగుచున్నారా? రేపు ఉదయమున జాబుమీద తేదీ వేయునప్పుడు, అది ఎవరి సంవత్సరమో జ్ఞాపకము చేసికొని, ఈ ప్రశ్నకు ఆయన యెదుట ఉత్తరము చెప్పుకొందము. ఆ కృప ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.