ట్రాప్ షూటింగ్‌లో తుపాకి ఎంపిక: లక్ష్యం, నియమం, శరీరం – చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

ట్రాప్ షూటింగ్ క్రీడలో తుపాకి ఎంపికను సాధారణంగా ధర, తయారీ సంస్థ, వ్యక్తిగత అభిరుచి అనే కోణాల నుంచి చర్చిస్తుంటారు. ఎంపికకు ఆధారమైన ప్రమాణాలు మాత్రం చరిత్రలో క్రమంగా రూపుదిద్దుకున్నాయి. సజీవ పావురం స్థానంలో మట్టి లక్ష్యం రావడం, పోటీ నియమాలు దేశాన్ని బట్టి వేరుపడడం, తుపాకి కొలతలను శరీరానికి సరిపెట్టే పద్ధతి స్థిరపడడం అనే మూడు పరిణామాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. భారతదేశంలో ఈ మూడింటికి ముందు ఆయుధ చట్టం నిలిచిన తీరును చర్చిస్తుంది.

కీలక పదాలు: ట్రాప్ షూటింగ్, షాట్‌గన్, చోక్, కుందా, ఆయుధ చట్టం, క్రీడా చరిత్ర.

1. ఉపోద్ఘాతం

రైఫిల్ ఒక్క గుండును పేలుస్తుంది. షాట్‌గన్ వందలాది చిన్న సీసపు రవ్వలను ఒక గుంపుగా వెదజల్లుతుంది. కదలని గురిని కొట్టడానికి రైఫిల్, ఎగిరే గురిని కొట్టడానికి షాట్‌గన్ అనువైనవి. తెలుగునాట ‘పన్నెండు బోరు’ అని వ్యవహరించే తుపాకి ఈ రెండో కోవకు చెందినది. గొట్టం లోపలి వ్యాసానికి సరిపోయే సీసపు గుండ్లు పన్నెండు కలిస్తే ఒక పౌను తూగుతాయి కనుక ఆ పేరు వచ్చింది. ఆ వ్యాసం దాదాపు 18.5 మిల్లీమీటర్లు. ట్రాప్ పోటీలలో ఇంతకంటె పెద్ద బోరును అనుమతించరు. అయితే పన్నెండు బోరు తుపాకులన్నీ ట్రాప్‌కు పనికిరావు. ఏది పనికివస్తుంది, ఎందుకు పనికివస్తుంది అన్న ప్రశ్నకు సమాధానం ఈ క్రీడ పుట్టుకలోనే ఉంది.

2. పావురం నుంచి మట్టి పళ్లెం వరకు

‘ట్రాప్’ అనే మాటకు ఈ క్రీడలో మొదటి అర్థం పావురాన్ని ఉంచే పెట్టె. పద్దెనిమిదో శతాబ్ది చివరినాటికే ఇంగ్లండులో తాడు లాగి పెట్టె మూత తెరిచి, బయటికి ఎగిరిన పావురాన్ని కాల్చే పోటీలు జరిగేవి. 1869లో లండన్ ఫుల్హామ్ ప్రాంతంలో ఏర్పడిన హర్లింగ్‌హామ్ క్లబ్బు ఈ పోటీలకు ప్రసిద్ధి పొందింది. అక్కడ 1905లో ఈ పోటీలు ఆగిపోయాయి. బంధించిన పక్షులను వదిలి కాల్చడాన్ని బ్రిటిష్ పార్లమెంటు 1921లో చట్టంతో నిషేధించింది.

చట్టం రాకమునుపే ప్రత్యామ్నాయం సిద్ధమైంది. అమెరికాలో మొదట గాజు బంతులను వాడారు. వాటిని విసిరే యంత్రానికి ఆడమ్ బొగార్డస్ 1877లో పేటెంటు పొందాడు. సిన్సినాటికి చెందిన జార్జ్ లిగోస్కీ 1880లో కాల్చిన మట్టితో పళ్లెం ఆకారపు లక్ష్యాన్ని రూపొందించాడు. గాజు బంతి ఎగిరే తీరులో పక్షి పోలిక తక్కువ. గిరగిర తిరుగుతూ బల్లపరుపుగా సాగే పళ్లెంలో ఆ పోలిక ఎక్కువ. తరువాతి కాలంలో మట్టికి బదులు తారు, సున్నపురాతి పొడి మిశ్రమాన్ని వాడినా ‘క్లే’ అన్న పేరు నిలిచిపోయింది. 1900 పారిస్ ఒలింపిక్ క్రీడల సందర్భంగా సజీవ పావురాల పోటీ, మట్టి లక్ష్యాల పోటీ రెండూ జరిగాయి. ఆ తరువాత ఒలింపిక్స్‌లో రెండోది మాత్రమే కొనసాగింది.

ఈ మార్పు తుపాకి ఎంపికనూ మార్చివేసింది. పావురం ఎటు ఎగురుతుందో ముందుగా తెలియదు. మట్టి లక్ష్యం మాత్రం ఎప్పుడూ షూటరుకు ఎదురుగా ఉన్న యంత్రం నుంచి పైకి లేస్తూ, దూరంగా పోతుంది. లక్ష్యం ఎప్పుడూ పైకి లేచేదే అయినప్పుడు, చూపు ఆనిన చోటుకంటె కొంత పైన రవ్వలు పడే తుపాకి ప్రయోజనకరం. అప్పుడు గొట్టం లక్ష్యాన్ని కప్పివేయదు. వేట తుపాకికి, ట్రాప్ తుపాకికి మధ్య ప్రధాన భేదం ఇక్కడే మొదలైంది.

3. దూరం, చోక్

లక్ష్యం దూరమయ్యేకొద్దీ రవ్వల గుంపు చెదిరి, వాటి మధ్య ఖాళీలు పెరుగుతాయి. దీనికి పరిష్కారంగా గొట్టం చివరను స్వల్పంగా ఇరుకు చేసే పద్ధతి వచ్చింది. దీనినే చోక్ అంటారు. ఇంగ్లండులో విలియం రాచెస్టర్ పేప్ 1866లో దీనికి పేటెంటు పొందాడు. బర్మింగ్‌హామ్ తయారీదారు డబ్ల్యు. డబ్ల్యు. గ్రీనర్ దానిని మెరుగుపరిచి ప్రచారంలోకి తెచ్చాడు. 1875లో ‘ది ఫీల్డ్’ పత్రిక నిర్వహించిన బహిరంగ పరీక్షలు చోక్ ప్రయోజనాన్ని నిరూపించాయి.

చోక్ తీవ్రతను కొలవడానికి ఒక ఒరవడి ఏర్పడింది. 40 గజాల దూరంలో 30 అంగుళాల వృత్తంలో ఎంత శాతం రవ్వలు పడతాయో లెక్కిస్తారు. చోక్ లేని గొట్టానికి ఇది సుమారు 40 శాతం, పూర్తి చోక్‌కు సుమారు 70 శాతం. ట్రాప్‌లో లక్ష్యం క్షణక్షణం దూరమవుతుంది కనుక బిగువైన చోక్‌కే ప్రాధాన్యం. రెండు గుండ్లు అనుమతించే పోటీలో రెండో గుండు పేలేసరికి లక్ష్యం మరింత దూరమై ఉంటుంది. అందుకే రెండో గొట్టానికి మొదటిదానికంటె బిగువైన చోక్‌ను ఎంచుకుంటారు.

4. నియమం నిర్ణయించిన రూపం

అమెరికన్ ట్రాప్‌లో లక్ష్యం ఒకే యంత్రం నుంచి వెలువడుతుంది. షూటరు 16 గజాల వెనుక నిలబడతాడు. ప్రతిభను బట్టి దూరం పెంచే హాండికాప్ పోటీలో అది 27 గజాల వరకు పోతుంది. ఒక లక్ష్యానికి ఒకే గుండు. ఒక్కటే గుండు కనుక అక్కడ ఒంటి గొట్టపు ట్రాప్ తుపాకులు ప్రత్యేకంగా తయారయ్యాయి. 1912లో వచ్చిన వించెస్టర్ మోడల్ 12 వంటి పంపు తుపాకులు సైతం ఆదరణ పొందాయి.

ఒలింపిక్ ట్రాప్ తీరు వేరు. కందకంలో 15 యంత్రాలు, మూడేసి చొప్పున అయిదు వర్గాలుగా అమరి ఉంటాయి. షూటర్లు 15 మీటర్ల వెనుక నిలుస్తారు. లక్ష్యం కుడిఎడమలకు 45 డిగ్రీల వరకు ఏ కోణంలోనైనా రావచ్చు. అది దాదాపు 76 మీటర్ల దూరం సాగేంత వేగంతో వెలువడుతుంది. అర్హత పోటీలో ఒక్కో లక్ష్యానికి రెండు గుండ్లు అనుమతిస్తారు. తూటాలో రవ్వల బరువు 24 గ్రాములకు మించరాదు. ఈ నియమాల కింద రెండు గొట్టాలు అవసరమవుతాయి.

ఆ రెండు గొట్టాలు పక్కపక్కన ఉండాలా, ఒకదానిపై ఒకటి ఉండాలా అన్నది తరువాతి ప్రశ్న. పైకింద అమరికలో కంటి ముందు సన్నని ఒకే రేఖ కనిపిస్తుంది. కింది గొట్టం ముందు పేలినప్పుడు తన్ను భుజం మీదికి నేరుగా వస్తుంది. తుపాకి మూతి తక్కువగా లేస్తుంది కనుక రెండో గుండుకు త్వరగా గురి కుదురుతుంది. లండన్ తయారీదారులు బాస్ 1909లోను, వుడ్‌వర్డ్ 1913లోను ఇటువంటి తుపాకులను రూపొందించినా అవి సంపన్నులకే అందేవి. జాన్ మోజెస్ బ్రౌనింగ్ తన చివరి సంవత్సరాలలో రూపకల్పన చేసిన ‘సూపర్‌పోజ్డ్’ ఈ అమరికను విస్తృత విపణికి చేర్చింది. 1926లో ఆయన మరణించగా కుమారుడు వాల్ ఆ పనిని కొనసాగించాడు. 1931లో అది మార్కెట్టుకు వచ్చింది. ఇటలీలో డానియెలె పెరాజీ 1957లో స్థాపించిన సంస్థ తుపాకితో ఎన్నియో మత్తరెల్లి 1964 టోక్యోలో స్వర్ణం సాధించాడు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌ను దృష్టిలో ఉంచుకొని ఆ సంస్థ రూపొందించిన ఎం.ఎక్స్.8లో ట్రిగ్గర్ యంత్రాంగాన్ని ఊడదీసి మార్చుకోవచ్చు. పోటీ మధ్యలో తుపాకి మొరాయిస్తే షూటరు నష్టపోకూడదన్న ఆలోచన ఇందులో కనిపిస్తుంది.

5. కుందా: శరీరపు కొలత

రైఫిల్‌కు వెనుక ఒకటి, ముందు ఒకటి చొప్పున గురి సాధనాలు ఉంటాయి. షాట్‌గన్‌కు వెనుక గురి సాధనం లేదు. ఆ పని చేసేది షూటరు కన్నే. కుందా మీద చెంప ఆనే ఎత్తు కన్ను నిలిచే చోటును నిర్ణయిస్తుంది. ఆ ఎత్తు కొద్దిగా మారినా రవ్వలు పడే చోటు మారుతుంది. కుందా పొడవు చేతుల పొడవుకు, పక్కవంపు భుజాల వెడల్పుకు సరిపోవాలి. ఈ కొలతలను తెలుసుకోవడానికి పంతొమ్మిదో శతాబ్ది చివరలో ఇంగ్లండు తయారీదారులు ‘ట్రై గన్’ అనే సాధనాన్ని వాడుకలోకి తెచ్చారు. దాని కుందాను మరలతో పొడిగించవచ్చు, వంచవచ్చు, ఎత్తు పెంచవచ్చు. దర్జీ కొలతలు తీసుకున్నట్లు షూటరు కొలతలు తీసుకొని, వాటి ప్రకారం కుందా చెక్కేవారు.

సాధారణ తుపాకుల కుందాలు సగటు పురుషుని కొలతతో తయారయ్యేవి. ఒలింపిక్ ట్రాప్‌లో 1968 నుంచి 1992 వరకు స్త్రీలు పురుషులతో కలిసి పోటీపడే అవకాశం ఉండేది. 2000 సిడ్నీలో స్త్రీలకు ప్రత్యేక ట్రాప్ పోటీ ఏర్పడింది. చెంప ఆనే భాగాన్ని ఎత్తు మార్చుకోగల కుందాలు నేడు విరివిగా లభించడం వల్ల భిన్న దేహాకృతులు గలవారికి ఎంపిక కొంత సులభమైంది. బరువు విషయంలోనూ సమతూకం అవసరం. 125 లక్ష్యాల అర్హత పోటీలో బరువైన తుపాకి తన్నును తగ్గిస్తుంది, కాని చేతులను అలసటకు గురిచేస్తుంది.

6. భారతదేశం: ఎంపికకు ముందు అనుమతి

1878 నాటి ఆయుధ చట్టం భారతీయులకు లైసెన్సును తప్పనిసరి చేసి, ఐరోపావారికి మినహాయింపునిచ్చింది. ఆ వ్యవస్థలో మంచి తుపాకిని ఎంచుకొనే వీలు సంస్థానాధీశులకు, ఉన్నతవర్గాలకు పరిమితమైంది. స్వాతంత్ర్యానంతరం ఈ క్రీడలో ముందుగా అంతర్జాతీయ ఖ్యాతి పొందిన కర్ణీసింగ్ బికనీర్ మహారాజు కావడం యాదృచ్ఛికం కాదు. 1962 కైరో ప్రపంచ పోటీలలో రజతం సాధించిన ఆయన 1960 నుంచి 1980 వరకు అయిదు ఒలింపిక్స్‌లో పాల్గొన్నాడు.

1959 ఆయుధ చట్టం జాతి వివక్షను తొలగించినా లైసెన్సు విధానాన్ని కొనసాగించింది. 2019 సవరణ ఒక వ్యక్తి కలిగి ఉండదగిన తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించింది. క్రీడాకారులకు ప్రత్యేక వెసులుబాట్లు ఉన్నా, అవి ప్రధానంగా ఇప్పటికే గుర్తింపు పొందినవారికి ఉపయోగపడతాయి. కొత్తగా చేరినవారు అందుబాటులో ఉన్న తుపాకితోనే సాధన ప్రారంభించాలి. అంటే తుపాకి శరీరానికి సరిపడవలసిన చోట శరీరమే తుపాకికి సరిపడుతుంది. అలా అలవడిన భంగిమను తరువాత మార్చుకోవడం కష్టం. ఈ పరిమితుల మధ్యనే హైదరాబాదుకు చెందిన కైనన్ చెనాయ్ 2016 రియో ఒలింపిక్స్‌లో పాల్గొన్నాడు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల ట్రాప్‌లో జట్టు స్వర్ణం, వ్యక్తిగత కాంస్యం సాధించాడు.

7. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. ట్రాప్ తుపాకి పైకి గురి చూపడానికి, బిగువైన చోక్ కలిగి ఉండడానికి మట్టి లక్ష్యపు గమనమే కారణం.

2. ఒంటి గొట్టం, జంట గొట్టాల మధ్య ఎంపికను ప్రధానంగా పోటీ నియమం నిర్ణయించింది. పైకింద గొట్టాల అమరిక రెండో గుండు అవసరం నుంచి బలపడింది.

3. ఎంత ఖరీదైన తుపాకి అయినా కుందా శరీరానికి కుదరకపోతే గురి కుదరదు. కనుక ఎంపికలో తయారీ సంస్థ పేరుకంటె కొలతకే ప్రథమ స్థానం.

4. భారతదేశంలో ఎంపిక స్వేచ్ఛ మొదట జాతిని బట్టి, హోదాను బట్టి, అనంతరం గుర్తింపును బట్టి లభించింది. శిక్షణ కేంద్రాలలో మార్చుకోదగిన కుందాలు గల తుపాకులు అందుబాటులో ఉంటే, తుపాకి కొనలేని యువతీయువకులకు సైతం సరైన భంగిమ తొలిదశలోనే అలవడుతుంది. ఆయుధ నియంత్రణను సడలించకుండానే ఈ క్రీడ సామాజిక పరిధిని విస్తరించడానికి ఇది ఒక ఆచరణీయ మార్గం.